మామిడి దగ్గరగా నాటాలా, దూరంగా నాటాలా? ఎండ లెక్కలో ఏది మేలు?

పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు కొత్తగా మామిడి పెట్టే రైతు ముందు ఇప్పుడు మూడు దారులున్నాయి. తాతల నాటి పద్ధతిలో అటూ ఇటూ 10 మీటర్లు వదిలి ఎకరానికి 40 మొక్కలు పెట్టొచ్చు. 5 మీటర్ల ఎడంతో 160 పెట్టొచ్చు. లేదంటే సాలుకు సాలుకు 3 మీటర్లు, మొక్కకు మొక్కకు 2 మీటర్లు మాత్రమే వదిలి 670 దాకా పెట్టొచ్చు. నర్సరీలో అడిగినా, డ్రిప్ వేసేవాళ్లను అడిగినా మొక్కల ఖరీదు, నీళ్లు, సబ్సిడీ, మొదటి కాపు ఎప్పుడన్న లెక్కలే చెప్తారు. ఎండ లెక్క అడిగేవాళ్లూ తక్కువే, చెప్పేవాళ్లూ తక్కువే. తోట ఎనిమిదో ఏట, పదో ఏట ఎలా ఉంటుందో తేల్చేది మాత్రం ఆ లెక్కే. అందుకే ఈ మూడింటినీ ఎండ వైపు నుంచి చూద్దాం.

ముందు చెట్టు సంగతి. మామిడి పూత కొమ్మ చివర వస్తుంది. కోత అయ్యాక వానాకాలంలో వేసిన చిగురు ముదరాలి, ఆకు ముదురు పచ్చకు తిరగాలి, చలికాలం నాటికి కొన మొగ్గ గట్టిపడాలి. అప్పుడే డిసెంబరు, జనవరిల్లో పూత. ఆ కొన ఎండలో ఉండి తీరాలి. నీడలో పడ్డ కొమ్మ బతుకుతుంది, ఆకులూ వేస్తుంది, కానీ పూయదు. చాలా పండ్ల చెట్లలో ఆరుబయటి ఎండలో సుమారు మూడోవంతు కంటే తక్కువ అందే చోట పూమొగ్గ కట్టడం బాగా తగ్గిపోతుంది. నీళ్లు చాలకపోతే డ్రిప్ ఇంకో గంట వదలొచ్చు. బలం చాలకపోతే ఇంకో బస్తా వేయొచ్చు. చెట్టు లోపలికి ఎండ చాలకపోతే కొమ్మ తీయడం తప్ప వేరే మందు లేదు.

ఇది కళ్లతో చూడాలంటే, కమ్ముకుపోయిన పదేళ్ల తోటలోకి మే నెల మిట్టమధ్యాహ్నం వెళ్లి, ఒక చెట్టు కొమ్మలు రెండు చేతులతో పక్కకు తీసి చూడండి. పైన రెండడుగుల మందాన పచ్చటి ఆకు, కాయలు కనిపిస్తాయి. ఆ వెనకంతా వేలెడు లావు పుల్లలు, ఎండిపోయి ముట్టుకుంటే టక్కున విరిగేవి. అక్కడక్కడా మిగిలిన ఆకు వెడల్పుగా, పలచగా ఉండి పైన నల్లటి మసి పట్టి ఉంటుంది. తేనెమంచు పురుగు విసర్జించిన జిగురు మీద పెరిగే బూజు అది. పురుగు దాక్కునేదీ ఆ నీడలోనే. తలొంచి కిందికి చూస్తే నేల మీద ఒక్క ఎండ పొడ కనపడదు, గడ్డి పరక మొలవదు. పైనుంచి ఎంత మందు కొట్టినా అంత లోపలికి చేరదు. పూత మీద వచ్చే బూడిద తెగులుకు కూడా గాలాడని తోటే ఇష్టం.

దీన్నిబట్టి దగ్గర నాటు ఎందుకు పుట్టిందో కూడా అర్థమవుతుంది. 10 మీటర్ల ఎడంలో పెరిగిన పెద్ద చెట్టు గొడుగు పైపై పొర మాత్రమే కాస్తుంది, లోపల ఖాళీ. అదే స్థలంలో చిన్న చెట్లు ఎక్కువ పెడితే ఎండ తగిలే పొర పెరుగుతుంది, చీకటి తగ్గుతుంది. వాదన సరైనదే. కాకపోతే చెట్టు చిన్నగా ఉన్నన్నాళ్లే అది నిలబడుతుంది. ఎడం తగ్గించినవాడు చెట్టును ఏటా చిన్నదిగా ఉంచుతానని కూడా ఒప్పుకున్నట్టే. నాటేటప్పుడు ఆ రెండో మాట చాలామంది వినరు.

స్పెయిన్ ఆలివ్ తోటల వీడియోలు చూసి దగ్గర నాటు మీద మోజు పెంచుకున్నవాళ్లూ ఉన్నారు. అక్కడ 1990ల నుంచి సాలుకు సాలుకు సుమారు 4 మీటర్లు, చెట్టుకు చెట్టుకు మీటరున్నర వదిలి కంచె మాదిరి పెంచుతున్నారు. అంటే చెట్టుకు 6 చదరపు మీటర్లు. మన 3×2 లెక్కా సరిగ్గా అంతే. కానీ అంకె ఒకటే అయినంత మాత్రాన తోట ఒకటి కాదు. అక్కడ పెట్టేవి ఆర్బెకీనా, ఆర్బొసానా లాంటి పెద్దగా విస్తరించని రకాలు. ఆలివ్ ఆకు సన్నగా, వేలంత పొడవుంటుంది, మధ్యలోంచి ఎండ జారుతుంది. కోసే యంత్రం సాలు మీదుగా పోవాలి కాబట్టి చెట్టు ఎత్తు పెరగనివ్వరు. అంత చేసినా ఆ కంచెల కింది భాగంలో నీడ పడ్డ చోట కాయలు తక్కువ, ఉన్నవీ చిన్నవి, నూనె శాతం తక్కువ. పైకి పోయేకొద్దీ కాయ సైజూ నూనే పెరుగుతాయి. అందుకే వాళ్లు చెట్టు ఎత్తును సాళ్ల మధ్య వెడల్పుతో పోల్చి చూసుకుంటారు, వీలైన చోట సాళ్లు ఉత్తర దక్షిణంగా వేస్తారు. మన బంగినపల్లికి ఆ సన్నటి ఆకు లేదు, ఆ అణకువా లేదు. జానెడు పైన పొడవున్న దళసరి ఆకులు కొమ్మ చివర గుత్తిగా వచ్చి కింది కొమ్మను కప్పేస్తాయి. ఆలివ్ నుంచి తెచ్చుకోవాల్సింది వాళ్ల ఎత్తు లెక్క. ఎడం లెక్క తెచ్చుకుంటే చిక్కే.

ఆలివ్‌నే ఇక్కడ పెడితే ఎలా అని అడిగేవాళ్లకు ఒక్క మాట: దానికి పూత రావాలంటే చలికాలంలో గట్టి చలి కావాలి. రాజస్థాన్‌లో 2007-08 ప్రాంతంలో ఇజ్రాయెల్ మొక్కలతో మొదలుపెట్టారు, అక్కడి చలి వేరు. నల్గొండలో, పాలమూరులో చెట్టు బతకొచ్చు కానీ కాపు మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక సాళ్ల దిక్కు. 10×10 చదరపు నాటుకు దీంతో పనిలేదు, చెట్టు చుట్టూ ఖాళీయే. సాలు కంచెలా మూసుకుపోయే దగ్గర నాటులో మాత్రం దిక్కే సగం కాపును తేలుస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతిని పొలం పొడవు ఎటుంటే అటు పైపు లాగేసి వదిలేయడం చూస్తే బాధేస్తుంది, ఒకసారి నాటాక మార్చలేం కదా.

మన ప్రాంతం సుమారు 16, 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మధ్యలో సుమారు మూడు నెలలు మధ్యాహ్నం కాస్త ఉత్తరానికే ఉంటాడు. కానీ సెప్టెంబరు ఆఖరి నుంచి మార్చి ఆఖరి దాకా, పొద్దు పొడిచినప్పటి నుంచి కుంకే దాకా దక్షిణం వైపే తిరుగుతాడు. సాళ్లు తూర్పు పడమరగా వేశారనుకోండి. ఆ ఆరు నెలలూ సాలు ఉత్తరం మొహానికి నేరుగా ఎండ తగలదు. మామిడి మొగ్గ కట్టేది, పూసేది, పిందె పట్టేది ఆ ఆరు నెలల్లోనే. డిసెంబరు ఆఖర్లో మిట్టమధ్యాహ్నం కూడా రెండున్నర మీటర్ల చెట్టు నీడ ఉత్తరానికి రెండు మీటర్లకు పైగా పోతుంది. 3 మీటర్ల సాళ్లలో చెట్ల మందం తీసేస్తే మధ్యలో మిగిలే దారి రెండు మీటర్లు కూడా ఉండదు, కాబట్టి నీడ పక్క సాలు మొదట్లోకి ఎక్కుతుంది.

ఉత్తర దక్షిణంగా వేస్తే పొద్దున తూర్పు మొహానికి, మధ్యాహ్నం తర్వాత పడమటి మొహానికి ఎండ అందుతుంది. ఏ మొహమూ పూర్తిగా వట్టిపోదు. అయినా ఎత్తు పెరిగితే ఇక్కడా తిప్పలే: డిసెంబరులో మూడు గంటల ప్రాంతంలో 2 మీటర్ల చెట్టు నీడ తూర్పుకు రెండున్నర మీటర్ల దాకా పోతుంది. 3 మీటర్ల సాళ్లకు అప్పటికే పక్క సాలు కింది కొమ్మలు నీడలో పడ్డట్టు. 6 మీటర్ల సాళ్లకైతే అదే నీడ మధ్య దారిలోనే ఆగిపోతుంది.

ఉత్తర దక్షిణం సాళ్లకు ఒక లోటు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో రెండింటి నుంచి ఐదింటి దాకా పడమటి ఎండ పెళపెళ కొడుతుంది. ఆకు చాటు లేని కాయ భుజం మీద పసుపు తిరిగి, తర్వాత గోధుమ రంగు మచ్చ దిగుతుంది. ఆ కాయ హైదరాబాద్ పక్కన బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోతే పక్కన పెట్టేస్తారు. అందుకే పడమటి వైపు కొమ్మల్ని మరీ బోడిగా చేయకూడదు, లోపలి కొమ్మలు తీసి పైఆకును కాస్త ఉంచాలి. కాయలకు కాగితం కవర్లు తొడిగే అలవాటు మన దగ్గర పెరుగుతోంది, ఈ మచ్చకూ అది పనికొస్తుంది. కొంత కాయకు మచ్చ పడటం కంటే సాలులో సగం పూయకపోవడం పెద్ద నష్టం. నా ఓటు ఉత్తర దక్షిణానికే. పొలం వాలును బట్టి కాస్త వంకర పోయినా ఫర్వాలేదు.

ఇప్పుడు మూడింట్లో ఏది?

3×2లో మొదటి ఐదారేళ్లు చూడముచ్చటగా ఉంటుంది. కాపు మూడో ఏటే మొదలవుతుంది, చెట్టు పొట్టిగా ఉంటుంది కాబట్టి నేల మీద నిలబడి కోసుకోవచ్చు, గాలిదుమారానికి రాలే కాయ తక్కువ. తర్వాతే అసలు పరీక్ష. 3 మీటర్ల సాళ్లకు చెట్టు ఎత్తు రెండు, రెండుంబావు మీటర్లు దాటకూడదు. అంటే కోత అయిన వెంటనే, జూన్ ఆఖరుకల్లా ప్రతి చెట్టునూ కత్తిరించాలి. ఆలస్యమై ఆగస్టు, సెప్టెంబరుల్లో కత్తిరిస్తే కొత్త చిగురు ముదరక ముందే చలికాలం వస్తుంది, ఆ ఏడు పూత పోయినట్టే. బంగినపల్లి లాంటి ఒడ్డూ పొడుగూ ఉన్న రకాన్ని ఇంత చిన్న గడిలో ఉంచాలంటే గట్టిగా కోయాలి. గట్టిగా కోస్తే బలంగా చిగురిస్తుంది, పూత తగ్గుతుంది. దాన్ని ఆపడానికి కల్టార్ (చెట్టు ఎదుగుదలను తగ్గించే మందు) మొదట్లో పోయాలి. ఏటా పోస్తే చెట్టు బిగుసుకుపోతుందని మళ్లీ టెన్షన్. జూన్ వానలు పడగానే పత్తి విత్తడానికి కూలీలందరూ పోయే ఊళ్లో, ఎకరానికి 670 చెట్లు నెలలోపు కత్తిరించే మనుషులు దొరుకుతారా అన్నది నాటకముందే వేసుకోవాల్సిన ప్రశ్న. ఆమ్రపాలి లాంటి పొట్టి రకమై, ఎకరం రెండెకరాలై, ఇంటి మనిషే కత్తెర పట్టేట్టయితే 3×2 బాగుంటుంది. పదెకరాల బంగినపల్లికి నేను వద్దంటాను.

10×10కి వేరే సుగుణం ఉంది. మొదటి ఏడెనిమిదేళ్లు చెట్ల మధ్య పడే ఎండ వృథా పోదు, దాంట్లో వేరుశనగ, కంది, పెసర, ఉలవ పండించుకోవచ్చు. ఎర్ర చల్కల్లో బోరు నమ్మకం లేనివాళ్లకు, ఊళ్లో ఉండనివాళ్లకు, ఏటా కత్తిరించలేనివాళ్లకు ఇదే క్షేమం. కొల్లాపూర్ వైపు పాత తోటలు ఈ ఎడంతోనే తరాలు నిలిచాయి. కాకపోతే కాపు కోసం చాలా ఏళ్లు ఆగాలి, చెట్టు పెద్దదయ్యాక లోపలి చీకటి దీనికీ తప్పదు. నడిమధ్యన ఒకటి రెండు పెద్ద కొమ్మలు తీసి ఆకాశం కనపడేలా చేస్తే పాత చెట్టు కూడా లోపల కాస్తుంది.

ఎక్కువమందికి నేను చెప్పేది మధ్య దారి. అది కూడా 5×5 కాకుండా 6×4. ఎకరానికి 168 మొక్కలు పడతాయి, లెక్కలో తేడా లేదు. 6 మీటర్ల సాళ్లు ఉత్తర దక్షిణంగా వేస్తే ఎండకు దారి ఉంటుంది, ట్రాక్టరూ స్ప్రేయరూ తిరుగుతాయి, చెట్టును నాలుగు మీటర్ల దాకా ఎదగనివ్వొచ్చు. బంగినపల్లి, హిమాయత్‌లకు ఆ మాత్రం చోటు కావాలి. ఒక ఏడు కత్తిరింపు తప్పినా తోట మూసుకుపోదు, మరుసటి ఏడు సరిచేసుకోవచ్చు. 3×2లో ఆ వెసులుబాటు లేదు.

నల్గొండ బత్తాయి రైతులకు ఇదే లెక్క యథాతథంగా వర్తించదు. నిమ్మ జాతి ఆకు ఒక్కొక్కటిగా చూస్తే పూర్తి ఎండలో మూడోవంతుతోనే నిండుగా పనిచేస్తుంది, మిగతాది దానికి వేడి. కొంచెం నీడ బత్తాయికి చేటు కాదు. మే ఎండలో బోడి కాండమే కాలి బెరడు పగులుతుంది. అందుకని కింది కొమ్మలు నరికి మొదలు బయటపెట్టకండి, బయటపడ్డ కాండానికి సున్నం పూయండి. అలాగని కిక్కిరిసి నాటడం మేలని కాదు. బత్తాయికి గాలాడకపోతే తెగుళ్లు, ఎండుకొమ్మ. 6×6 కంటే దగ్గరకు రాకపోవడమే మంచిది.

ఇప్పటికే దగ్గరగా నాటి, తోట మూసుకుపోయినవాళ్లు ఏం చేయాలి? ఒక సాలు విడిచి ఒక సాలు తీసేయడం ఒక పద్ధతి, అన్నిటినీ సగానికి కోసేయడం ఇంకో పద్ధతి. రెండోదానికి మనసు తేలిగ్గా ఒప్పుకుంటుంది, చెట్టు చంపినట్టు ఉండదు. కానీ 3×2లో అన్నిటినీ ఒకేసారి కోస్తే ఒకటి రెండేళ్లు కాపు ఉండదు, మూడేళ్లకు మళ్లీ అదే చీకటి. కత్తిరింపుకు మనుషులు దొరకనివాళ్లు సాలు విడిచి సాలు తీసేయడమే నయం, సాళ్ల మధ్య ఒకేసారి 6 మీటర్లు వస్తాయి. ఉంచిన సాళ్లను కోత అయ్యాక, ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం దించుకుంటే ఇంట్లోకి ఎంతో కొంత రాబడి ఆగదు. కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాలి. ఇన్నాళ్లూ నీడలో ఉండి హఠాత్తుగా ఎండకు బయటపడ్డ పెద్ద కొమ్మలకు, ముఖ్యంగా పడమటి వైపు ఉన్నవాటికి, ఆ వారంలోనే సున్నం పట్టించాలి.