ఎండాకాలం సెలవుల్లో కంబోడియా వాలంటీర్ ట్రిప్: అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్ళకు ఫిబ్రవరి నుంచే ఫోన్లు మొదలవుతాయి. సెలవుల్లో రెండు వారాలు కంబోడియా, పల్లెటూరి బడిలో ఇంగ్లీషు చెప్పడం, అనాథ పిల్లలతో గడపడం, మధ్యలో అంగ్‌కోర్ వాట్, చివర్లో అంతర్జాతీయ సర్టిఫికెట్. ఇలాంటిదానికి అడ్వాన్స్ కట్టబోతుంటే దయచేసి ఆగండి. మేం కట్టాం. మా డబ్బులో డెబ్భై వేలు ఇంకా రాలేదు. సంస్థ పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. పైగా పేరు రాస్తే ఆ ఒక్క పేరు తప్పించుకుని అదే సరుకు ఇంకో బోర్డు కింద కొనేవాళ్ళుంటారు. అందుకే సరుకు ఎలా ఉంటుందో చెబుతాను.

ముందు అమ్మకం సంగతి. మా అమ్మాయికి ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు మార్చిలో అయిపోయాయి, జూన్ ఒకటి దాకా సెలవులు. (కార్పొరేట్ కాలేజీల్లో ఆ సెలవులు కూడా మిగలవు, అది వేరే గోల.) అమెరికా చదువుల కన్సల్టెన్సీ వాళ్ళు పెట్టిన సెమినార్‌లో ఈ ట్రిప్పుకు ఒక టేబుల్ వేశారు. "మేడమ్, అక్కడ మార్కులు అందరికీ ఉంటాయి, ప్రొఫైల్ కావాలి" అన్నాడు కౌన్సెలర్ కుర్రాడు. చాలా అమెరికా కాలేజీలకు ఉమ్మడిగా పెట్టుకునే కామన్ యాప్ దరఖాస్తులో ఇలాంటి పనులు రాసుకోవడానికి పది గడులు ఉంటాయి, ఒక్కో పని గురించి వివరణకు 150 అక్షరాలు. అంతే. ఆ 150 అక్షరాల కోసం అడిగింది లక్షా ఎనభై వేలు. దానిమీద ఇంకో ఆశ చూపించారు: గంటలు పూర్తి చేస్తే అమెరికా అధ్యక్షుడి పేరుమీద ఇచ్చే వాలంటీర్ అవార్డు వస్తుందట. ఆ అవార్డుకు అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు మాత్రమే అర్హులు. కూకట్‌పల్లిలో పుట్టి పెరిగి ఇక్కడి పాస్‌పోర్టు ఉన్న పిల్లకు అది రాదు. బ్రోచర్‌లో ఆ పతకం బొమ్మ మాత్రం బంగారు రంగులో మెరుస్తూ ఉంది.

నేను అకౌంట్స్ పనిలో ఉన్నదాన్ని. రసీదు చేతికి రాగానే కొన్ని విషయాలు కంట్లో పడ్డాయి. లక్షా ఎనభై వేలకు ఒక్క బిల్లు లేదు, రెండు కాగితాలున్నాయి. లక్షా పది వేలు 'ప్రోగ్రామ్ ఫీజు', డెబ్భై వేలు 'విరాళం'. ఎందుకిలా అంటే, "విరాళానికి 80జీ వస్తుంది మేడమ్, మీకే లాభం" అన్నారు. 80జీ అనే పన్ను మినహాయింపు మన ఆదాయపు పన్ను శాఖ అనుమతి పొందిన ఇక్కడి సంస్థలకు ఇచ్చే విరాళానికే గానీ కంబోడియాలోని ఆశ్రమానికి పోయే డబ్బుకు వర్తించదు. ఇచ్చిన డబ్బుకు బదులుగా హోటలూ భోజనమూ వస్తుంటే అది విరాళమే కాదు. అసలు కిటుకు ఏమిటంటే, విరాళం అని రాస్తే ట్రిప్పు రద్దయినా తిరిగి ఇవ్వక్కర్లేదని వాళ్ళ లెక్క.

ప్రోగ్రామ్ ఫీజు బిల్లులో టీసీఎస్ (అమ్మేవాళ్ళే ముందుగా వసూలు చేసే పన్ను) అని ఒక గీత కూడా ఉంది. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవాళ్ళు కొన్నవాళ్ళ దగ్గర టీసీఎస్ వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాలనేది 2020 అక్టోబర్ నుంచి ఉన్న నిబంధనే. అది మన పాన్ మీద జమ అవుతుంది, మన పన్ను జమల పట్టిక అయిన ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుకుంటుంది. వీళ్ళు డబ్బు తీసుకున్నారు గానీ పాన్ నంబరు అడగనే లేదు. మరి ఎవరి ఖాతాలో కట్టినట్టు? బిల్లు మీది జీఎస్టీ నంబరు పోర్టల్‌లో కొడితే ఇంకేదో పేరుతో ఈవెంట్ మేనేజ్‌మెంట్ సంస్థ వచ్చింది. పెళ్ళి మండపాలు కట్టేవాళ్ళు అనాథ పిల్లల సేవ అమ్ముతున్నారన్నమాట. జీఎస్టీ నంబరు వెతకడం ఫోన్‌లో రెండు నిమిషాల పని. ఎవరైనా చేయొచ్చు.

మా అత్తగారు కంబోడియా పేరు వినగానే వద్దన్నారు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు ఆవిడకు గుర్తుంది: డేటా ఎంట్రీ ఉద్యోగాలని తీసుకెళ్ళి మన కుర్రాళ్ళ చేత సైబర్ మోసాలు చేయించిన కేసు. ఇది అలాంటిది కాదని నేనే సర్దిచెప్పాను. నిజంగానే అలాంటిది కాదు. కానీ ప్రయాణానికి ముందు పిల్లలకు ఇచ్చిన సూచనల కాగితంలో ఒక వాక్యం చదివాక నాకు నిద్ర పట్టలేదు: ఇమిగ్రేషన్‌లో ఎవరడిగినా గుడులు చూడటానికి వచ్చామని చెప్పాలి, వాలంటీర్ అనే మాట ఎత్తకూడదు. కంబోడియాలో 'టీ' (T) రకం వీసా పర్యాటకులది. వాలంటీర్‌గా వెళ్ళేవాళ్ళు తీసుకోవాల్సింది 'ఈ' (E) రకం, దాన్ని ఆర్డినరీ వీసా అంటారు. రెండింటికీ ఖర్చులో తేడా కొద్ది డాలర్లే. ఆ కొద్దిపాటి డబ్బుకూ కాగితాలకూ బద్ధకించి, పదహారేళ్ళ పిల్లల చేత పరాయి దేశపు అధికారి ముందు అబద్ధం చెప్పించబోయారు.

పాస్‌పోర్టుల గోల ఇంకొకటి. వీసా కోసమని అందరి దగ్గరా అసలు పాస్‌పోర్టులు తీసుకుని ఉంచుకున్నారు. వాళ్ళు తెస్తామన్నది ఈ-వీసా, అంటే ఆన్‌లైన్‌లో వచ్చేది. దానికి పాస్‌పోర్టు స్కానూ ఫొటోనూ అప్‌లోడ్ చేస్తే చాలు, పుస్తకంతో పనే లేదు. మేం రద్దు చేసుకుంటామనగానే ఆ పుస్తకం ఎందుకు తీసుకున్నారో తెలిసింది. "క్యాన్సిలేషన్ లెటర్ మీద సంతకం పెట్టండి, పాస్‌పోర్టు ఇస్తాం" అన్నారు. ఆ లెటర్‌లో మాకు ఏ బకాయీ లేదని రాసి ఉంది. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి అని 1967 నాటి పాస్‌పోర్టుల చట్టంలోనే ఉంది. ప్రైవేటు ఏజెంటు దాన్ని తాకట్టు వస్తువులా దగ్గర పెట్టుకోవడానికి వీల్లేదు. ఆ మాటే రాసి, పోలీస్ స్టేషన్‌కు వెళ్తున్నామని మెసేజ్ పెడితే మర్నాడు కొరియర్‌లో వచ్చేసింది.

తేదీలు చూడండి, అక్కడా బండారం బయటపడుతుంది. మాకిచ్చినవి ఏప్రిల్ రెండో వారం నుంచి. ఏప్రిల్ 14 ప్రాంతంలో కంబోడియాలో ఖ్మేర్ కొత్త సంవత్సరం, తమిళుల పుత్తాండు వచ్చే రోజుల్లోనే. మనకు సంక్రాంతి ఎలాగో వాళ్ళకు అది అలాగ. పట్నాల్లో పనిచేసేవాళ్ళంతా సొంతూళ్ళకు పోతారు, బడులకు సెలవులు. బడిలో ఇంగ్లీషు చెప్పే కార్యక్రమం సరిగ్గా ఆ రోజుల్లో పెట్టారంటే, బడితో ఎవరూ మాట్లాడనే లేదని అర్థం. అడిగితే, "అప్పుడు అనాథాశ్రమంలో ఎక్కువ రోజులుంటారు మేడమ్, పిల్లలకు అదే బాగా నచ్చుతుంది" అన్నారు.

ఆ మాటతోనే నేను అసలు సంగతి వెతకడం మొదలుపెట్టాను. అప్పటిదాకా నా గొడవ బిల్లులతోనే.

కంబోడియాలో 2005 నుంచి 2010 మధ్య అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగిందని యునిసెఫ్ చెబుతోంది. అనాథలు పెరిగి కాదు. అక్కడి అంతర్యుద్ధం ముగిసి చాలా కాలమైంది. అంగ్‌కోర్ చూడటానికి వచ్చేవాళ్ళు పెరిగారు, ఆశ్రమాలూ పెరిగాయి. 2011లో అక్కడి ప్రభుత్వమూ యునిసెఫ్ కలిసి చేయించిన అధ్యయనంలో, ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో నలుగురికి ముగ్గురి చొప్పున తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. చదువు చెప్పిస్తాం, అన్నం పెడతాం అని పేదవాళ్ళ దగ్గర పిల్లల్ని తెచ్చి, వాళ్ళను చూపించి విదేశీయుల దగ్గర డబ్బు తీసుకునే చోట్లు కొన్ని ఉన్నాయి. తర్వాత ప్రభుత్వమే లెక్క తీస్తే 406 కేంద్రాల్లో 16 వేలకు పైగా పిల్లలు తేలారు. వాళ్ళను ఇళ్ళకు చేర్చే పని మొదలైంది. ఆస్ట్రేలియాలో 2017లో పార్లమెంటు కమిటీ ఆధునిక బానిసత్వం మీద ఇచ్చిన నివేదికలో ఈ అనాథాశ్రమ పర్యాటకం గురించి చర్చించింది. 2019 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ బాలల హక్కుల తీర్మానంలోనూ ఆ ప్రస్తావన వచ్చింది. అంగ్‌కోర్ పక్కనున్న సియామ్ రీప్‌లోనే "పిల్లలు పర్యాటక వింతలు కారు" అనే ప్రచారం ఏళ్ళుగా నడుస్తోంది. ఇదంతా ఏజెన్సీకి తెలియదా? వాళ్ళ బ్రోచర్‌లో మొదటి పేజీ బొమ్మే ఆశ్రమం పిల్లలది, మొహాలు స్పష్టంగా కనబడేట్టు.

మన దగ్గర ఇదే పని చేస్తే నేరం. సంరక్షణ గృహంలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెడితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మన ఊరి బాలసదనంలోకి కెమెరా పట్టుకుని పోనివ్వరు గానీ, విమానం టికెట్టు కొంటే పరాయి పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫొటో దిగొచ్చు!

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఒక చిన్న విషయం. దరఖాస్తు మొత్తంలో మా అమ్మాయి గురించి ఒక్క ప్రశ్న లేదు. టీ షర్టు సైజు, శాకాహారమా మాంసాహారమా, ఇన్‌స్టాగ్రామ్ ఐడీ. అంతే. ఎప్పుడైనా చిన్నపిల్లలతో పనిచేసిందా అని గానీ, టీచర్ దగ్గర నుంచి ఒక ఉత్తరం గానీ అడగలేదు. వెంట వచ్చే పెద్దవాళ్ళెవరు, వాళ్ళకు పోలీస్ వెరిఫికేషన్ ఉందా అని నేనడిగితే, "మా టీమ్ అంతా ఫ్యామిలీ లాంటివాళ్ళే మేడమ్" అన్నారు. ఎవరు వస్తున్నారో పట్టించుకోకుండా తలుపు తీసే ఆశ్రమం ఆ పిల్లలకు కాపలా కాస్తోందని ఎలా నమ్మడం? మా పిల్ల మంచిదే. ఆ సంగతి వాళ్ళకెలా తెలుసు?

మేం మానుకున్నాం, ఆ బ్యాచ్ వెళ్ళింది. తిరిగొచ్చిన పిల్లల అమ్మానాన్నలు ఇద్దరు ముగ్గురు చెప్పినదాన్ని బట్టి బడి తెరవనేలేదు. రోజూ సాయంత్రం ఆశ్రమం పిల్లల చేత అప్సర నాట్యం చేయించేవాళ్ళట, తర్వాత హుండీ తిప్పేవాళ్ళట. ఒకరోజు బియ్యం బస్తాలు విరాళం ఇవ్వాలన్నారు, కొనాల్సింది మాత్రం వాళ్ళు చూపించిన కొట్లోనే. వెళ్ళిన కుర్రాడొకడు వాళ్ళమ్మతో, "పిల్లలు మా పేర్లు కూడా అడగలేదమ్మా, వరసగా వచ్చి కౌగిలించుకుని పోయారు" అన్నాడట. వారానికో కొత్త అన్నయ్య వచ్చిపోయే ఇంట్లో పేర్లు అడగడం ఎందుకని వాళ్ళకు ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది.

ఇక ఆరోగ్యం సంగతి. వాళ్ళ కాగితంలో టీకాల మాటే లేదు. టైఫాయిడ్, హెపటైటిస్ ఏ, పల్లెల్లో ఎక్కువ రోజులుంటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్, కుక్కకాటుకు ముందస్తు రేబిస్ టీకా గురించి కనీసం నెలన్నర ముందే డాక్టర్‌ను అడగాలి. ఇంకొకటి: కొందరు పిల్లల పాస్‌పోర్టులు పద్దెనిమిది నిండే రోజు దాకానే చెల్లుతాయి. అక్కడికి చేరేనాటికి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి, చూసుకోండి.

డబ్బు విషయానికొస్తే, 'నాన్ రిఫండబుల్' అని వాళ్ళు రాసుకున్నంత మాత్రాన మన దారి మూసుకుపోదు. మేం మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. తర్వాత లాయర్ నోటీసు. నోటీసు అందాక ప్రోగ్రామ్ ఫీజు లక్షా పది వేలు వెనక్కి వచ్చింది. డెబ్భై వేల 'విరాళం' దగ్గరే మొండికేశారు. అందుకని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కేసు వేశాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, వాళ్ళ ఆఫీసు ఎక్కడున్నా సరే. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ కూడా తప్పనిసరి కాదు.

ఇంకా వెళ్ళాలనే ఉంటే, అడ్వాన్స్ ఇవ్వకముందే అడగండి: అక్కడ ఏ బడి, ఏ సంస్థ, ఆ సంస్థతో మేమే నేరుగా మాట్లాడొచ్చా? మా పిల్ల వెళ్ళకపోతే ఆ పని ఎవరు చేస్తారు? జవాబు తడబడితే కట్టకండి. అనాథాశ్రమం అనే మాట కార్యక్రమంలో ఉంటే అసలు అడగాల్సిన పనే లేదు, వదిలేయండి. మొక్కలు నాటడమో కాలువ తవ్వడమో చేయించే ట్రిప్పులన్నీ మోసమని నేననడం లేదు. పసిపిల్లల్ని చూపించి అమ్మేదాని గురించే చెబుతున్నాను.

మీ దగ్గర కూడా ఇలా రెండు ముక్కల రసీదు ఉంటే వినియోగదారుల కమిషన్ కేసులకున్న రెండేళ్ళ గడువు దాటకముందే ఫిర్యాదు వేయండి. 26ఏఎస్ తెరిచి టీసీఎస్ పడిందో లేదో చూడండి. బ్రోచర్ పీడీఎఫ్, వాట్సాప్ మెసేజ్‌లు, వాళ్ళ వెబ్‌సైట్ పేజీల స్క్రీన్‌షాట్లు ఈ పూటే దాచిపెట్టుకోండి. మా నోటీసు అందిన వారంలోనే ఆశ్రమం పేజీ వాళ్ళ సైట్ నుంచి తీసేశారు.