ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్‌లో బీసీసీ: కీ ఐడీ దాచడం మేలా, విడి కాపీ పంపడం మేలా?

మెయిల్ ఎన్‌క్రిప్ట్ చేశాక, అంటే సరైన కీ ఉన్నవాళ్లే చదవగలిగేలా మార్చాక, బీసీసీలో (మిగతావాళ్లకు పేరు కనిపించకుండా కాపీ పంపే లైనులో) పెట్టిన మనిషి ఎవరో మిగతావాళ్లకు తెలిసే అవకాశం లేదు కదా అని చాలామంది అడుగుతుంటారు. తెలుస్తుంది. మామూలు మెయిల్‌లో బీసీసీ దాచినంత కూడా ఇక్కడ దాచకపోవచ్చు.

మామూలు మెయిల్‌లో బీసీసీ లైను హెడర్‌లోంచి తీసేస్తే సరిపోతుంది. ఎన్‌క్రిప్షన్ వచ్చేసరికి, ఎవరెవరు తెరవగలరనే జాబితా సందేశంలోనే మరోసారి చేరుతుంది. మెయిల్ ఎన్‌క్రిప్షన్‌కు వాడే ఓపెన్‌పీజీపీ అనే ప్రమాణంలో, సందేశాన్ని తెరిచే సెషన్ కీని ఒక్కొక్కరి పబ్లిక్ కీతో (అందరికీ ఇవ్వగలిగే కీతో) విడిగా ఎన్‌క్రిప్ట్ చేసి, ప్యాకెట్లు అనే ఆ డేటా ముక్కలన్నీ సందేశం ముందు పెడతారు. ప్రతి ప్యాకెట్‌లోనూ ఆ కీకి చెందిన 8 బైట్ల ఐడీ దాపరికం లేకుండా ఉంటుంది. దాన్ని చదవడానికి రహస్య కీ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు.

ఒక ఉద్యోగి తన యాజమాన్యానికి ఎన్‌క్రిప్ట్ చేసిన ఫిర్యాదు పంపుతూ, లాయరును బీసీసీలో పెట్టారనుకుందాం. మెయిల్ అందుకున్న మేనేజరు ప్యాకెట్లు చూస్తే తన కీ, పంపినవారి కీ కాక మూడో ఐడీ ఒకటి కనిపిస్తుంది. ఆ లాయరు తన కీని పేరుతో సహా ఎక్కడైనా బయట పెట్టి ఉంటే, ఐడీ పట్టుకుని పేరు దాకా వెళ్లడం నిమిషాల పని. సమస్య పాతదే. అడమ్ బార్త్, డాన్ బోనే, బ్రెంట్ వాటర్స్ 2006లోనే ఒక పరిశోధనా పత్రంలో ఎన్‌క్రిప్టెడ్ మెయిల్‌లో బీసీసీ పేర్లు ఇలా బయటపడటం గురించి రాశారు.

మొదటి దారి, కీ ఐడీని దాచడం. ఓపెన్‌పీజీపీ సాఫ్ట్‌వేర్ అయిన జీపీజీలో హిడెన్-రెసిపియెంట్ అనే ఆప్షన్ ఇస్తే ఆ వ్యక్తి ప్యాకెట్‌లో ఐడీ బదులు అన్నీ సున్నాలు పడతాయి. త్రో-కీఐడ్స్ ఇస్తే అందరివీ సున్నాలే. ఇది దొడ్డిదారి చిట్కా కాదు, 2007 నాటి ఓపెన్‌పీజీపీ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 4880లోనే ఉన్న పద్ధతి. మెయిల్ ఒక్కసారే వెళ్తుంది, పెద్ద అటాచ్‌మెంట్ ఉన్నా భారం పెరగదు.

కానీ పేరు చెరిగిపోయినా ప్యాకెట్ అక్కడే ఉంటుంది. మేనేజరుకు మూడో మనిషి ఎవరో తెలియకపోవచ్చు, మూడో మనిషి ఉన్నారని మాత్రం తెలిసిపోతుంది. ఫిర్యాదు విషయంలో ఆ ఒక్క అనుమానం చాలు. పైగా ఆ కీ ఏ అల్గారిథమ్‌ది (ఎన్‌క్రిప్ట్ చేసే లెక్క), ఆర్ఎస్ఏ అనే రకమైతే సుమారు ఎంత సైజుది అనేదీ దాగదు. ఫలానా వారే అయి ఉంటారని ముందే అనుమానం ఉన్నవారికి అది పనికొచ్చే ఆధారం. ఆర్ఎస్ఏలో ఇంకో చిక్కుంది. ఎన్‌క్రిప్ట్ అయిన సంఖ్య ఎప్పుడూ ఆ కీ మాడ్యులస్ (కీలో భాగమైన పెద్ద సంఖ్య) కంటే చిన్నదే కావాలి. అనుమానించిన కీ మాడ్యులస్ కంటే అది పెద్దదిగా కనిపిస్తే, ఆ కీ కాదని తేల్చేయవచ్చు. అలాంటి మెయిళ్లు కొన్ని పోగైతే జాబితా చిన్నదవుతూ పోతుంది.

అందుకునేవారికీ తిప్పలే. సున్నాలు కనిపించినప్పుడు సాఫ్ట్‌వేర్ తన దగ్గరున్న రహస్య కీలన్నీ ఒక్కొక్కటిగా ప్రయత్నించాలి. నాలుగైదు కీలున్నవారిని వరుసగా పాస్‌వర్డ్‌లు అడగవచ్చు, కీని స్మార్ట్ కార్డ్‌లో ఉంచుకునేవారిని కార్డు పెట్టమనవచ్చు. విసిగిపోయి, మామూలుగానే పంపండి అని వాళ్లే అడిగితే మనం చేసిన పనంతా వృథా.

రెండో దారి విడి కాపీ. టూ, సీసీలో ఉన్నవారికి ఒక మెయిల్ ఎన్‌క్రిప్ట్ చేసి పంపి, రహస్యంగా తెలియాల్సిన ప్రతి ఒక్కరికీ వేరుగా ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్ పంపడం. నా ఓటు దీనికే. నా దృష్టిలో ఇక్కడ తేల్చే విషయం ఒక్కటే: మనం ఎవరి నుంచి దాచాలనుకుంటున్నామో వాళ్ల చేతిలో పడే ఫైలులో ఆ రహస్య వ్యక్తికి సంబంధించినది ఏదైనా ఉందా, లేదా? మొదటి దారిలో చెరిపేసినదైనా ఒక గుర్తు ఉంటుంది. రెండో దారిలో అసలేమీ ఉండదు. మేనేజరు ఎంత తెలివైనవారైనా, రేపు ఇంకెంత మంచి సాధనాలు వచ్చినా, తన దగ్గర లేని ప్యాకెట్‌ను విశ్లేషించలేరు.

మెయిల్ మీరే పంపారని చూపే డిజిటల్ సంతకం విషయంలోనూ ఇదే నయం. 2024లో వచ్చిన కొత్త ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 9580 ప్రకారం, ఈ సందేశం ఎవరిని ఉద్దేశించిందో వారి కీ ఫింగర్‌ప్రింట్లను (కీని గుర్తుపట్టే పొడవాటి కోడ్‌లను) సంతకంలోనే చేర్చవచ్చు. సాఫ్ట్‌వేర్ జాగ్రత్త పడకపోతే ఒకే మెయిల్‌లో అది ఇంకో లీకు. విడి కాపీకి విడిగా సంతకం చేస్తే ఆ బెంగ లేదు.

ఈ సౌకర్యం మీ సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే చేత్తోనే చేయవచ్చు. ముందు అసలు మెయిల్ పంపి, సెంట్ ఫోల్డర్‌లోంచి దాన్నే లాయరుకు ఫార్వర్డ్ చేయండి, ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకుని. దీనివల్ల ఇంకో మేలుంది. బీసీసీలో ఉన్నవారు పొరపాటున రిప్లై ఆల్ కొడితే గుట్టు మొత్తం రట్టవుతుంది. ఫార్వర్డ్ అయితే రిప్లై ఎలా కొట్టినా మీ ఒక్కరికే వస్తుంది. ఖర్చు లేకపోలేదు. 10 ఎంబీ అటాచ్‌మెంట్‌ను ముగ్గురికి రహస్యంగా పంపాలంటే మొత్తం నాలుగుసార్లు అప్‌లోడ్ అవుతుంది. ముప్పై మందికైతే చేత్తో చేయడం నరకమే, అక్కడ కీ ఐడీ దాచే పద్ధతితో సర్దుకోక తప్పదేమో.

ఓపెన్‌పీజీపీ బదులు, సర్టిఫికెట్లతో పనిచేసే ఎస్/మైమ్ అనే మరో ప్రమాణం వాడే ఆఫీసుల్లో ఐడీ దాచే ఈ ఎంపిక కూడా లేదు. అక్కడ సాధారణంగా ఒక్కొక్కరి సర్టిఫికెట్ సీరియల్ నంబరు, దాన్ని జారీ చేసిన సంస్థ పేరు సందేశంలో ఉంటాయి. వాటిని సున్నాలు చేసే ప్రామాణిక పద్ధతి లేదు కాబట్టి విడి కాపీ ఒక్కటే దారి.

పాస్‌వర్డ్ పెట్టిన ఫైలు పంపడం మూడో మార్గమే గానీ, ఆ పాస్‌వర్డ్‌ను ఎలా చేరవేయాలన్నది మళ్లీ మొదటికొస్తుంది. ష్లూడర్ లాంటి ఎన్‌క్రిప్టెడ్ మెయిలింగ్ లిస్టులు గుంపులకు బాగుంటాయి, కాకపోతే సర్వర్ మెయిల్‌ను విప్పి మళ్లీ మూస్తుంది, ఆ సర్వర్‌ను నమ్మాలి.

ఏ దారి పట్టినా, మీ మెయిల్ సర్వీసుకు మాత్రం ఎవరెవరికి పంపారో తెలుస్తుంది. బీసీసీ వాడితే మీ సెంట్ ఫోల్డర్ కాపీలో ఆ లైను మామూలు అక్షరాల్లోనే ఉండిపోవచ్చు. ఫిర్యాదు చేసేది యాజమాన్యం మీద అయితే, ఆఫీసు అకౌంట్‌లోంచి పంపితే ఇదంతా చేసి లాభం లేదు.

మీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తోందో మీరే చూడవచ్చు. ఒక స్నేహితుడికి టూలో, ఇంకొకరికి బీసీసీలో ఒక ఎన్‌క్రిప్టెడ్ మెయిల్ పంపి, టూలో ఉన్నవారికి అందిన ఫైలును జీపీజీలోని లిస్ట్-ప్యాకెట్స్ అనే ఆప్షన్‌తో తెరవండి. వారి కీ, మీ కీ రెండే ఉంటే విడి కాపీ వెళ్లినట్టే. మూడో ప్యాకెట్ సున్నాలతో ఉంటే ఐడీ దాచినట్టు. మూడో ఐడీ పూర్తిగా కనిపిస్తే, ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌క్రిప్ట్ చేసేటప్పుడు బీసీసీ వాడకండి, ఫార్వర్డ్ చేయండి.