అదాలత్ దగ్గర వకీలు మేడం, మంచిగ చెప్పింది
నా జీతంతో కొన్న ప్లాటు ఒకటుంది, లోన్ ఇంకా నడుస్తుంది, పిలగాడే అన్నడు రేపు విడిపోతే ఎవరి ఆస్తి ఎవరికని పెళ్లికి ముందే అగ్రిమెంట్ రాసుకుందామని, నాకేమో సంతకం పెట్టాల్నా వద్దా అని నిద్ర పట్టలే, అమ్మ అయితే పెళ్లి గాకముందే విడాకుల ముచ్చటేందే అని ఒకటే ఏడుపు. హన్మకొండ అదాలత్ దగ్గర ఒక వకీలు మేడం దగ్గరికి నేను, పిలగాడు ఇద్దరం పోయినం.

గంటసేపు ఓపికగ చెప్పింది. మన హిందూ పెళ్లిళ్లల్ల అసొంటి కాగితం కోర్టుల నిలబడుడు కష్టమంట, ప్రజల మంచికి ఎదురుండే ఒప్పందాలు చెల్లవనే 1872 కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ అడ్డమొస్తదంట, గోవాల పాత పోర్చుగీసు చట్టం ఉంది కాబట్టి అక్కడ చెల్లుతదంట. నా పేరు మీదున్న ప్లాటు, నా బంగారం నాయే అని 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ తీసి సదివిపిచ్చింది.

నాకు అస్సలు తెల్వని ముచ్చట ఇంకోటి, వరకట్న నిషేధ చట్టం కింద వచ్చిన 1985 రూల్స్ ప్రకారం పెళ్లిల పెట్టిన సామాన్లకు లిస్టు రాసి పిల్ల, పిలగాడు సంతకాలు పెట్టాలె. అగ్రిమెంట్ రాసిస్తే ఆమెకే ఇంకిన్ని పైసలొస్తుండె, అయినా వద్దనే చెప్పింది, గందుకే అయిదు స్టార్లు. వెయిటింగ్ మాత్రం మస్తు ఎక్కువ, పొద్దుగాల్నే పోండ్రి.

అగ్రిమెంట్ పక్కన పెట్టినం. ఇప్పుడు లిస్టు రాస్తున్నం, అమ్మే పక్కన కూసొని బిందెలు లెక్కవెడుతుంది.