ఉప్పుగాలిలో బీఎంపీ280: పీడనానికి భేష్, ఎండ వేడికి వద్దు

గాలి పీడనం, ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్ బీఎంపీ280. వంద రూపాయలకు అటూఇటూగా దొరికే ఈ మాడ్యూల్‌ని నోడ్‌ఎంసీయూ అనే చిన్న వైఫై బోర్డుకి తగిలించి నెల్లూరు తీరంలో మైపాడు వైపు ఏళ్ల తరబడి నడిపాక చెప్తున్న మాట. గాలి పీడనం కొలవడానికి ఇంతకన్నా ఖర్చు అక్కర్లేదు. ఉష్ణోగ్రతకు మాత్రం దీన్ని నమ్ముకోకండి.

కొనేటప్పుడే ఒక తిరకాసుంది. తేమ కూడా కొలిచే బీఎంఈ280 పేరుతో బీఎంపీ280లు అంటగడుతుంటారు, ఇవి తేమ కొలవవు. చిప్ తన గుర్తింపు అంకె దాచుకునే 0ఎక్స్‌డీ0 రిజిస్టర్‌ని కోడ్‌తో చదివితే గుట్టు బయటపడుతుంది. 0ఎక్స్58 వస్తే బీఎంపీ, 0ఎక్స్60 వస్తే బీఎంఈ.

ఆరు పిన్నుల మాడ్యూల్‌లో వోల్టేజీ తగ్గించే రెగ్యులేటర్ ఉండదు కాబట్టి 3.3 వోల్టులే ఇవ్వాలి. మాడ్యూల్ మీది ఎస్‌సీఎల్ పిన్ను బోర్డు డీ1కి, ఎస్‌డీఏ డీ2కి, ఎస్‌డీఓ గ్రౌండ్‌కి. అప్పుడు బోర్డు సెన్సార్‌ని పిలిచే అడ్రస్ 0ఎక్స్76. ఈ సెన్సార్ కోసం అడాఫ్రూట్ కంపెనీ ఇచ్చే రెడీమేడ్ కోడ్ (లైబ్రరీ) మనం చెప్పకపోతే 0ఎక్స్77లో వెతికి సెన్సార్ లేదంటుంది. పీడనం పాస్కల్స్‌లో ఇస్తుంది, 100తో భాగిస్తే మిల్లీబార్లు.

బోర్డు వేడి, వైఫై వేడి కలిసి అగ్నికార్తెలో ఉష్ణోగ్రతను ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. ఉష్ణోగ్రతకు విడిగా డీఎస్18బీ20 అనే సెన్సార్ వేసి, డేటా తీగకీ 3.3 వోల్టులకీ మధ్య 4.7 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి, నీడలో గాలి ఆడేచోట వేలాడదీయండి. అది మైనస్ 127 చూపిస్తే తీగ ఊడినట్టు. 85 చూపిస్తే కొలత పూర్తికాకముందే చదివేశారన్నమాట, 12 బిట్ల (అన్నిటికన్నా సూక్ష్మమైన) కొలతకు 750 మిల్లీసెకన్లు ఆగాలి.

ఇక పీడనం. దీనికి రోజూ ఆటుపోట్లున్నాయి. ఉదయం, రాత్రి 10 ప్రాంతంలో పైకి, తెల్లవారుజాము, సాయంత్రం 4 ప్రాంతంలో కిందికి. ఉదయానికీ సాయంత్రానికీ మధ్యే మూడు మిల్లీబార్ల దాకా తేడా. గ్రాఫ్ కొత్తగా చూసే రొయ్యల గుంటలవాళ్లు సాయంత్రం గీత దిగగానే వాయుగుండమని కంగారు పడేది ఇందుకే. నిన్న ఇదే గంటకు ఎంతుందో దాంతో పోల్చాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన తీరం వెంబడే పైకిపోయి బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. అలాంటి తుపాను దగ్గరికొస్తే ఉదయం ఎక్కాల్సిన గీత కూడా దిగుతూనే ఉంటుంది.

చిప్ పీడనంలో ఒక మిల్లీబారు అటూఇటూగా తప్పు చూపొచ్చు, కానీ ఆ తప్పు దాదాపు ఒకేలా ఉంటుంది. నెల్లూరు వాతావరణ కేంద్రం ఉదయం 8:30కి ఇచ్చే సముద్రమట్టపు పీడనంతో ఒకసారి సరిచూసి తేడాని కోడ్‌లో కలిపేస్తే చాలు. రెండో అంతస్తులో పెట్టి కింద పెట్టినదాంతో పోల్చకండి, ఎనిమిదిన్నర మీటర్లకు ఒక మిల్లీబారు తగ్గుతుంది.

దీన్ని చంపేది ఉప్పు. సోల్డర్ లేకుండా పిన్నులకు గుచ్చే జంపర్ వైర్ల కొనలు చిలుముతో పచ్చబడితే ఒకే అంకె గంటల తరబడి కదలకుండా నిలుస్తుంది. అందుకే తీగలు సోల్డర్ చేసి, ఆ చోట్ల నెయిల్ పాలిష్ పూయండి. చిప్ రేకు మూత మీది చిన్న రంధ్రానికి మాత్రం చుక్క కూడా తగలకూడదు. డబ్బాకి అడుగున ఒక బెజ్జం తప్పనిసరి. పూర్తిగా మూసేసిన డబ్బా పది డిగ్రీలు వేడెక్కితే లోపల పీడనం 30 మిల్లీబార్లకు పైగా పెరుగుతుంది.