పర్లాకిమిడిలో మనసు బాగోకపోతే: ఫోనా, ఆసుపత్రా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో నిద్రపట్టని మనిషిని ముందు గుడికో, భూతవైద్యుడి దగ్గరికో తీసుకెళ్తారు. డాక్టరు మాట చివర్లో వస్తుంది. ఆ వరస మార్చాలంటే వాడలో ముందుగా దేని గురించి చెప్పాలి?

2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. భాష ఎంచుకోవచ్చు, అందులో తెలుగూ ఉంది. ఒడియా బాగానే వచ్చినా, ఏడుపు వచ్చేటప్పుడు మాత్రం అమ్మ భాషే నోటికొస్తుంది కదా. పైగా ఎవరూ చూడరు. పెళ్లి సంబంధాలు చెడిపోతాయన్న భయం ఉన్నచోట ఇది చిన్న విషయం కాదు. చిక్కల్లా ఇంట్లో ఏకాంతం దొరకడమే. రెండు గదుల ఇంట్లో అత్తగారి ఎదుట కోడలు ఏం మాట్లాడుతుంది?

బరంపురంలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఎంకేసీజీలో మానసిక వైద్య విభాగం ఉంది. పర్లాకిమిడి నుంచి వెళ్తే రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు అదనం. ఓపీ లైను సరేసరి. కానీ లేని గొంతులు వినిపిస్తున్నా, తిండీ నిద్రా మానేసినా డాక్టరు ఎదురుగా చూడాల్సిందే. డిప్రెషన్ మందులు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు గానీ గుణం చూపించవు. ఈ సంగతి తెలియకే చాలామంది మధ్యలో ఆపేస్తారు.

నన్నడిగితే మహిళా సంఘం మీటింగులో ముందు 14416 చెప్పాలి. చనిపోవాలని ఉందన్న మనిషిని మాత్రం ఒంటరిగా వదలకుండా, పక్కన ఒకరు ఉండి వెంటనే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.