మోకాలి ఆపరేషన్‌కు ముందు ఫిజియోథెరపీ: నాకు పనికొచ్చింది చేతుల వ్యాయామం

కుడి మోకీలు మార్పించుకుని ఏడాది దాటింది. ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు ఫిజియోథెరపీ చేశాను. తొడ బిగించడం, కాలు నిటారుగా ఎత్తడం, మడమ జరపడం అందరికీ చెప్పేవే కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఒక్క వ్యాయామం గురించి. చేతులున్న కుర్చీలో కూర్చుని, అరచేతులు ఆనించి, ఒళ్లంతా కాస్త పైకి లేపి మెల్లగా దించాలి. అంతే.

"ఆపరేషన్ మోకాలికైతే చేతులకెందుకమ్మా ఈ శిక్ష?" అని అడిగాను. "ముందు మిమ్మల్ని లేపేది చేతులేనండీ" అంది థెరపిస్ట్.

ఆపరేషన్ మర్నాడు వాకర్ ముందు పెట్టి లేవమన్నారు. కాలు ఎత్తబోతే కదల్లేదు. మందులతో నొప్పి అదుపులోనే ఉంది, అయినా తొడ మాట వినలేదు. అన్నాళ్లూ పట్టుబట్టి చేసిన కాలి వ్యాయామం ఏమైనట్టు? మోకీలులో వాపు ఉన్నంతకాలం ముందుతొడ కండరానికి నరాల నుంచి ఆజ్ఞ సరిగా అందదట. మొదటి నెలలో దాని బలం సగానికి పైగా తగ్గడం మామూలేనట. అప్పుడు ఆదుకున్నవి చేతులే. మంచం మీంచి లేచాను. అంతకన్నా ముఖ్యం, కమోడ్ మీంచి ఎవరి భుజమూ పట్టుకోకుండా లేచాను. ఆ పనికి ఇంకొకరిని పిలవాల్సి రావడం ఎంత ఇబ్బందో పడ్డవాళ్లకే తెలుసు.

మెట్లు కూడా ముందే నేర్పించారు: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. నొప్పిలో ఉన్నప్పుడు ఇవన్నీ గుర్తు తెచ్చుకునే టెన్షన్ తప్పింది.

అయినా ఆపరేషన్‌కు ముందు చేసే ఫిజియోథెరపీ, కొత్తలో నేను అందరితో చెప్పినంత గొప్పేమీ కాదని ఇప్పుడు అనిపిస్తోంది. మోకాలు 90 డిగ్రీలు దాటి వంగడానికి ఆపరేషన్ తర్వాత పళ్లబిగువున చేసిన వ్యాయామమే దిక్కయింది. నాతో పాటు ఆపరేషనైన ఒకావిడ ముందుగా ఏమీ చేయలేదు. ఆరు నెలలకల్లా ఇద్దరం ఒకేలా నడిచాం. లాభమంతా మొదటి వారాల్లోనే, తర్వాత తేడా పెద్దగా మిగలదని థెరపిస్ట్ కూడా అంది.

పైగా నా రెండో మోకాలు అప్పటికి బాగానే ఉంది, భుజాలూ మణికట్లూ గట్టివి. కీళ్లవాతం చేతులకూ ఉన్నవాళ్లకు ఈ కుర్చీ వ్యాయామం పడకపోవచ్చు, అడిగి చేయండి. ఎడమ మోకాలికీ వంతొస్తే కుర్చీదీ మెట్లదీ తప్పకుండా చేస్తాను. మిగతావాటికి మాత్రం రోజూ క్లినిక్‌కు తిరగను, ఒకసారి చూపించుకుని ఇంట్లోనే చేసుకుంటాను.