టైల్స్ సందుల్లో రంగు: రెండో వర్షాకాలం దాటాక ఎలా ఉందంటే

టైల్స్ సందుల్లో పూసే ఈ రంగు వంటింటి గోడకి, హాలు ఫ్లోరుకి సూపర్, బాత్రూంలో షవర్ కింద మాత్రం డబ్బులు దండగ, ముందే చెప్పేస్తున్నా. మాది వైజాగ్ మధురవాడలో పాత అపార్ట్‌మెంట్, లేత క్రీమ్ కలర్ టైల్స్, సందుల్లో మేస్త్రి ఎప్పుడో వైట్ సిమెంట్ పూసి వదిలేశాడు, అది కాస్తా నల్లబడిపోయింది, పొయ్యి వెనకైతే నూనె, పసుపు పట్టేసి చూడ్డానికే చిరాకు. రోజూ తడిగుడ్డ పెడుతూనే ఉంటాం, ఆ మురికినీళ్ళే సందుల్లోకి దిగి ఎండుతుంటే ఇంకెక్కడ తెల్లబడుతుంది.

రంగు వెయ్యడం ఈజీయే, అసలు పనంతా క్లీనింగ్‌లో ఉంది. చాలామంది బాత్రూం యాసిడ్ పోసేస్తారు, అప్పటికి తెల్లగా వస్తుంది నిజమే కానీ అది సిమెంట్‌ని తినేస్తుంది, గ్రౌట్ (అదే, సందుల్లో నింపే పూత) గుల్లబారి ఇంకా ఎక్కువ మురికి పీల్చుకుంటుంది. బ్లీచింగ్, యాసిడ్ రెండూ మాత్రం ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, చిన్న బాత్రూంలో ప్రాణం మీదకొస్తుంది. నేను జిడ్డున్నచోట ముందు గిన్నెల సబ్బు, వేడినీళ్ళతో కడిగి, వంటసోడా ముద్దలా కలిపి సందుల్లో పెట్టి, మీద మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశా. బుసబుసా పొంగుతుంది, కాసేపాగి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే బురదలాంటి నీళ్ళు వస్తాయి, వాటిని వెంటనే గుడ్డతో ఎత్తేయాలి, లేదంటే పక్క సందులోకే పోతాయి. చేతులకి గ్లవుజులు వేసుకోండి.

తర్వాత ఆరబెట్టడం. ఒక రాత్రి ఆరితే చాలంటారు గానీ మన వైజాగ్ ఉక్కపోతకి అదేం సరిపోతుంది, నేను సంక్రాంతి వెళ్ళాక ఫ్యాన్లు వేసి రెండు రోజులు వదిలేశా. లోపల చెమ్మ ఉంటే రంగు పొరలా లేచిపోతుంది. రంగు కొనేముందు సందు మీద ఒక నీటిచుక్క వేసి చూడండి, పీల్చుకుని ముదురుగా మారితే సిమెంట్ గ్రౌటే, రంగు పడుతుంది. చుక్క అలాగే నిలబడితే ఎపాక్సీనో (సిమెంట్ బదులు రెజిన్‌తో చేసే గ్రౌట్), నీళ్ళు ఇంకకుండా పూసే సీలరో ఉన్నట్టు, దానిమీద సరిగ్గా పట్టదు.

మా అత్తగారు తెలుపే వెయ్యమన్నారు, నేను బూడిద రంగు తెచ్చా. సన్న బ్రష్‌తో నాలుగైదు టైల్స్ వరకే వేసి, టైల్ మీద పడింది ఆరకముందే తుడుచుకుంటూ పోవాలి. నున్నటి టైల్ అయితే ఆరాక కూడా గోటితో గీకితే వచ్చేస్తుంది, బాల్కనీలో వేసే గరుకు టైల్స్‌కి మాత్రం గుంటల్లో ఇరుక్కుంటుంది, ఓ మూల చిన్నగా వేసి చూసుకున్నాకే మొదలెట్టండి. అంతా అయ్యాక చూసి అత్తగారు "కొత్త టైల్స్ వేయించినట్టు ఆ సంబరమేటి" అన్నారు, కానీ చుట్టాలొస్తే ఆవిడే చూపిస్తున్నారు!

షవర్ కింద ఎప్పుడూ తడే కదా, మొదటి వర్షాకాలంలోనే పెచ్చులు లేచాయి. అక్కడ పాత సిమెంట్ గీకించి ఎపాక్సీ గ్రౌట్ పెట్టించాం, ఖర్చెక్కువే గానీ సబ్బు మరక నిలవట్లేదు. గోడ, నేల కలిసే మూలకి రంగూ వద్దు గ్రౌటూ వద్దు, రబ్బరులా సాగే సిలికాన్ కొట్టించండి, గ్రౌట్ అక్కడ పగులుతుంది. మీ సందులు వేలితో రుద్దితేనే పొడి రాలుతుంటే రంగు ఊసే ఎత్తకండి, మొత్తం గీకి కొత్తగా పెట్టించుకోవాల్సిందే.

సింక్ ముందు నిలబడేచోట ఈమధ్య కాస్త అరిగింది, మిగిలిన సీసాలోదే పూశా, తేడా తెలియట్లేదు. షేడ్ పేరు ఎక్కడన్నా రాసి పెట్టుకోండి, బూడిద రంగులోనే బోలెడు రకాలున్నాయి.